తాళం విప్పడం తెలిస్తే దొంగలమేనా?

తోటి విద్యార్థినులారా, ఈసారి "నా అభిప్రాయం" శీర్షికకి అందరూ పరిశుభ్రత గురించి, చెట్ల గురించి రాశారు. అవి మంచివే. నేను మాత్రం తాళంకప్ప గురించి రాస్తున్నాను. నవ్వకండి.

దసరా సెలవుల తర్వాత మా వరుసలోనే మూడు ట్రంకుపెట్టెల తాళాలు పగిలాయి. పగలగొట్టింది దొంగలు కాదు, పెట్టెల వాళ్ళే. చెవి బోరింగు దగ్గర పోతుంది, లేకపోతే ఇంటి దగ్గర ఉండిపోతుంది. ఇంక రాయి తెచ్చి కొట్టడమే. తాళం పోతుంది, దాంతోపాటు గొళ్ళెం కూడా వంకరపోతుంది. మళ్ళీ సంతలో కొత్త తాళానికి ఇంటి దగ్గర నుంచి డబ్బులు రావాలి.

నా అభిప్రాయం ఏమిటంటే, తాళం లోపల ఏముందో, చెవి లేకుండా అది ఎలా తెరుచుకుంటుందో మనకి నేర్పాలి. ఈ మాట అనగానే "దొంగతనం నేర్పమంటావా?" అంటారు. అందుచేతనే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు తాళం సంగతి. మన భాషలో దానికి కప్పా ఉంది, చెవీ ఉంది, కాని లోపల ఉన్నవాటికి మనకి పేర్లు తెలియవు. మనం కొనే చిన్న ఇత్తడి తాళంకప్పల్లో చాలావాటిలో చెవి దూర్చే గుండ్రటి ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని సిలిండర్ అంటారు. దాని పైన వరుసగా సన్నని రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రంలో ఒకదాని మీద ఒకటి రెండు చిన్న పిన్నులు, వాటిని కిందికి నొక్కే స్ప్రింగు. పిన్నులు సిలిండర్‌కీ బయటి ఇత్తడికీ మధ్య అడ్డంగా ఉంటాయి కాబట్టి సిలిండర్ తిరగదు. చెవికి ఉన్న పళ్ళు అందం కోసం కాదు. ఒక్కొక్క పన్ను ఒక్కొక్క పిన్నుని ఎంత లేపాలో అంతే లేపుతుంది. రెండు పిన్నుల మధ్య అతుకు సరిగ్గా సిలిండర్ అంచు దగ్గరికి రాగానే తిరుగుతుంది. ఇలాంటి తాళానికి అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన 1861లో పేటెంటు తీసుకున్నాడు. కాని పిన్నుల ఉపాయం ఆయనది కాదు, వేల ఏళ్ళ కిందటే ఈజిప్టు వాళ్ళు చెక్కతో చేసుకున్నారు.

మరి చెవి లేకుండా? ఆ రంధ్రాలన్నీ వెంట్రుకంత తేడా కూడా లేకుండా ఒకే గీత మీద ఉంటే మనం చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఏ మిషనూ అంత కచ్చితంగా చేయలేదు. అందుకని సిలిండర్‌ని కొంచెమే తిప్పి పట్టుకుంటే ఒక పిన్ను ముందు బిగుసుకుంటుంది. దాన్ని సన్నని కొక్కెంతో లేపితే చిన్న చప్పుడుతో నిలబడుతుంది. తర్వాత ఇంకొకటి. అంతే. కోపంగా తిప్పామా, అన్నీ బిగుసుకుంటాయి. బియ్యంలో రాళ్ళు ఏరినంత ఓపిక కావాలి.

ఇది నాకు తెలిసింది హైదరాబాదులో, మాదాపూర్లో. మా చిన్నాన్న అక్కడ ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్. వేసవి సెలవులకి వెళ్ళాను. ఆ చుట్టుపక్కలంతా హైటెక్ సిటీ. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ దగ్గరే. చిన్నాన్న గదిలో గోడకి మేకులు, మేకులకి ఫ్లాట్ల చెవులు. అందరి ఇళ్ళ చెవులూ ఆయన దగ్గరే ఉంటాయి, ఆయన గది తలుపు మాత్రం సరిగ్గా పడదు.

మూడో అంతస్తులో ఒక అక్క ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె పని ఏమిటో తెలుసా? కంపెనీ వాళ్ళ అనుమతితోనే వాళ్ళ కంప్యూటర్లలోకి దొంగలా దూరడానికి ప్రయత్నించి, ఎక్కడ కన్నం ఉందో చెప్పడం. దీన్ని ఎథికల్ హ్యాకింగ్ అంటారు. దానికి జీతం ఇస్తారు. ఇంటి దగ్గర తీరిక ఉన్నప్పుడు తాళాలు విప్పడం ఆమె హాబీ. లోపల పిన్నులు కనపడే ప్లాస్టిక్ తాళం ఒకటి నాకిచ్చింది. మొదటి రోజు ఒక్క పిన్నూ నిలవలేదు. మూడో రోజు సాయంత్రం టక్కుమని తెరుచుకుంది. ఎగిరి గంతేశాను.

ఈ హాబీ వాళ్ళకి ఏ దేశంలోనైనా రెండు నియమాలు ఉంటాయట. నీది కాని తాళాన్ని అడగకుండా ముట్టుకోకూడదు. వాడుకలో ఉన్న తాళం నీదైనా సరే ముట్టుకోకూడదు, చెడిపోయి తలుపు తెరుచుకోకుండా అయిపోవచ్చు. కంప్యూటర్ల విషయంలో కూడా 2000 సంవత్సరం ఐటీ చట్టం 43వ సెక్షన్ ముఖ్యంగా చూసేది అనుమతినే.

నేను ఆ ప్లాస్టిక్ తాళంతో మెట్ల మీద కూర్చుని ఉంటే పై ఫ్లాట్ ఆయన చూశాడు. నన్నేమీ అడగలేదు. కిందికి వెళ్ళి చిన్నాన్నతో "మీ పిల్లని కనిపెట్టుకుని ఉండు, వీళ్ళకి ఇవన్నీ అలవాటే" అన్నాడు. అక్క చేతిలో ఉంటే హాబీ, నా చేతిలో ఉంటే అలవాటు. చిన్నాన్న "ఇచ్చెయ్యమ్మా" అన్నారు. ఇచ్చేశాను.

వీళ్ళంటే ఎవరు? మా ఊళ్ళో తాళాలే లేవు. కుక్క దూరకుండా తడిక దగ్గరికి లాగి పొలం పోతారు. నేను తాళం కొన్నది ఈ హాస్టల్‌కి వచ్చినప్పుడే. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం చేసి, ఫలానా కులంలో పుడితే దొంగే అని కాగితం మీద రాశారు. బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో ఎరుకల వాళ్ళని అలాగే కాపలాలో ఉంచారు. ఏ దొంగతనం చేయనివాళ్ళు కూడా హాజరు చెప్పుకోవాలి. 1952లో చట్టం తీసేశారు. ఆ మాట మాత్రం మాదాపూర్ మెట్ల మీద నాకు వినపడింది.

వేరేవాళ్ళకి ఏం జరిగిందో చూడండి. లండన్లో బ్రామా కంపెనీ 1790 నుంచి కొట్టు కిటికీలో ఒక తాళం పెట్టి, విప్పినవాళ్ళకి 200 గినీలు ఇస్తామని బోర్డు రాసింది. అరవై ఏళ్ళు ఎవరివల్లా కాలేదు. 1851లో అమెరికా నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ 16 రోజుల్లో, మొత్తం 51 గంటలు కూర్చుని విప్పాడు. దొంగలకి దారి చూపిస్తున్నాడని అప్పుడూ గోల చేశారు. కాని బహుమతి ఇచ్చారు, తర్వాత తాళాలు చేసేవాళ్ళు ఇంకా మంచివి చేయాల్సి వచ్చింది. 1965లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్న ఫైన్‌మాన్ కూడా యుద్ధకాలంలో అణుబాంబు రహస్యాలు ఉన్న బీరువాలు తెరిచేవాడు. బీరువా తలుపు తెరిచి ఉంచితే నంబరు తెలిసిపోతుందని ఒక కల్నల్‌కి చేసి చూపించాడు. ఆ కల్నల్ తలుపులు మూసుకోమని చెప్పలేదు. ఫైన్‌మాన్ మీ గదికి వస్తే నంబరు మార్చుకోండి అని కాగితం పంపాడు! చూపించినవాడిని అనుమానించడం పెద్ద పెద్దవాళ్ళకీ ఉన్న జబ్బే.

మేడం గారి భయం నాకు తెలుసు. ఒకరి పెట్టె ఇంకొకరు తెరుస్తారని. తెరవాలనుకున్నవాళ్ళకి రాయి చాలు, అది ఎవరూ నేర్పకుండానే వచ్చింది. పైగా లోపల చూస్తే ఈ సంత తాళం ఎంత బలహీనమో మనకే తెలుస్తుంది. పండగ డబ్బులు పెట్టెలో పెట్టకుండా మేడం దగ్గర దాచుకుంటాం.

కాబట్టి నా మనవి. స్టోర్ రూంలో పాత తాళాల డబ్బా ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట ఫిజిక్స్ టీచర్ ఎదురుగా అవి విప్పి చూసుకోనివ్వండి. కొక్కేలు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. ఎవరెవరు వచ్చారో రిజిస్టర్‌లో రాయండి. మొదటి తాళంగా నా పాత తాళంకప్ప ఇస్తాను, చెవితో సహా.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని