పాఠశాలలు - అంటువ్యాధులు

ఒక బాలునకు జ్వరము తగిలి, నాలుగుదినములకు ఒడలెల్ల ఎఱ్ఱని దద్దురు పొడసూపిన దనుకొందము. తల్లి 'అమ్మవారు పోసినది' అనును. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో 'జ్వరము' అని వ్రాసికొనును. వైద్యుడు 'తట్టు' అనును. మువ్వురును ఒకే వ్యాధిని గూర్చి మాటలాడుచున్నారు. కాని అదే బల్లపై కూర్చుండు తక్కిన బాలురను రక్షింపగల మాట ఈ మూడింటిలో ఒక్కటియే. వ్యాధుల పేళ్లను, వానిని గూర్చిన పరిభాషను సరిగా నెఱుగుట వైద్యుల పనియే యని మనము ఉపేక్షించుచున్నాము. ఈ యుపేక్షకు మూల్యము చెల్లించువారు పసిబిడ్డలు.

మశూచికము, ఆటలమ్మ, తట్టు - ఈ మూడింటిని మన పూర్వులు ఒకే గౌరవనామముతో వ్యవహరించిరి. మశూచికము భూమండలమునుండి నిర్మూలితమైనదని 1980వ సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. ఆ మహమ్మారి పోయినను, పేరుమాత్రము తక్కిన రెంటిని విడువలేదు. ప్రజల భక్తివిశ్వాసములను మేము ఆక్షేపింపము. కాని పేరొకటియైనంతమాత్రమున వ్యాధి యొకటి కాదు. ఆటలమ్మ సామాన్యముగా బాలురయందు తేలికగానే పోవును. తట్టు అట్టిది కాదు. అది ఊపిరితిత్తుల వాపునకును, మెదడు వాపునకును, ఒక్కొక్కప్పుడు అంధత్వమునకును దారితీయును. ఆటలమ్మ సోకిన బాలుని పొక్కులన్నియు పక్కుకట్టువఱకు బడికి రానీయరాదు. తట్టు సోకినవానిని దద్దురు కనుపించిన పిదప 4 దినములు ఇంటనే యుంచవలయును. గవదబిళ్లలకు వాపు మొదలైన పిదప 5 దినములు. పేరు తెలియనిచో గడువెట్లు తెలియును?

సూక్ష్మజీవులవలన గలుగు వ్యాధులన్నియు అంటువ్యాధులు కావని కూడ గ్రహింపవలయును. ధనుర్వాతము మట్టిలోని సూక్ష్మజీవి గాయముద్వారా ప్రవేశించుటవలన వచ్చును. రోగినుండి మఱియొకరికి అంటదు. డెంగీ దోమకాటువలన వచ్చును. ప్రక్కన కూర్చున్నందున రాదు. డెంగీ వచ్చి కోలుకొనిన బాలుని జూచి తోడిబాలురను దూరముగా లాగుకొనుట అజ్ఞానము. బడిపెరటిలో దోమలు పెరుగు నీటితొట్టిని అట్లే విడుచుట అంతకంటె నజ్ఞానము.

ఇక కాలమును దెలుపు మాటలు రెండు కలవు. వ్యాధి సోకిన దినము మొదలు లక్షణములు కనుపించువఱకు నుండునది పొదుగుకాలము. రోగి ఇతరులకు వ్యాధిని అంటించు కాలము అంటుకాలము. ఈ రెండును ఒకటే యని పలువురు భ్రమపడుచున్నారు. తట్టునకు జ్వరము వచ్చుటకు సుమారు 10 దినములు, దద్దురు పొడసూపుటకు సుమారు 14 దినములు పట్టును. కాని అంటుకాలము దద్దురునకు 4 దినములు ముందుగనే ప్రారంభమగును. అనగా బాలుడు కేవలము దగ్గుతో, జలుబుతో, ఎఱ్ఱబడిన కన్నులతో బడిలో కూర్చున్న దినములయందే వ్యాధిని పంచిపెట్టుచుండును. అతడు గదిని విడిచిన పిదప 2 గంటలవఱకు ఆ గాలిలో వ్యాధిబీజము నిలిచియుండగలదు. కావున దద్దురు చూచి బాలుని ఇంటికి పంపుటతో ఉపాధ్యాయుని కర్తవ్యము తీరదు. టీకా పొందని తోడిబాలు రెవరో అప్పుడే విచారింపవలయును. సంపర్కము గలిగిన 72 గంటలలోపల టీకా వేయించినచో వ్యాధి రాకుండ నివారింపవచ్చును. మూడుదినములు దాటిన పిదప మేల్కొనిన ఆ యవకాశము చేజారును.

2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాపించినప్పుడు 'ఐసొలేషను', 'క్వారంటైను' అను మాటలు పల్లెపల్లెను వినబడెను. నేటికిని వాని భేద మెఱిగినవారు కొలదిమందియే. వ్యాధిగ్రస్తుని వేరుగా నుంచుట మొదటిది. వ్యాధి సోకియుండునేమో యను అనుమానముతో ఆరోగ్యవంతుని వేరుగా నుంచుట రెండవది. పూర్వము వెనీసువారు నౌకలను రేవువెలుపల 40 దినములు నిలిపియుంచుటనుండి ఆ పేరు వచ్చినది. మఱియొక మాట 'వాహకుడు'. తాను ఆరోగ్యముగ నుండియు వ్యాధిబీజమును మోయువాడు వాహకుడు. న్యూయార్కులో మేరీ మాలన్ అను వంటమనిషి ఏ జబ్బును లేకుండనే పలు కుటుంబములకు టైఫాయిడు అంటించినట్లు 1907లో కనుగొనబడెను. అంగన్‌వాడీలలోను, బడులలోను పిల్లలకు అన్నము వండి వడ్డించువారు సబ్బుతో చేతులు కడుగుకొనవలయు ననుట మర్యాదకొఱకు చెప్పు మాట కాదు.

ఈ విషయమున ఊరిపెద్దలును, పట్టణవాసులును చేయదగినది కలదు. తట్టు, రుబెల్లా టీకా 9 నుండి 12 నెలల లోపల ఒకమాఱు, 16 నుండి 24 నెలల లోపల మఱియొకమాఱు ప్రభుత్వము ఉచితముగా వేయించుచున్నది. తమ బిడ్డలకే గాక, తమ పొలములలో పనిచేయువారి బిడ్డలకును అవి అందినవో లేవో విచారింపుడు. ఏడాదిపొడుగున ఒక్కదినమైనను మానని బాలునకు బహుమతి నిచ్చు ఆచారము కొన్నిచోట్ల కలదు. జబ్బుతో వచ్చి పదిమందికి అంటించిన బాలునకు ఆ బహుమతి యిచ్చుట వివేకమనిపించుకొనదు. ఏ వ్యాధికి ఎన్ని దినములు ఇంట నుంచవలయునో తెలుపు పట్టిక ప్రతి పాఠశాల గోడపైనను తెలుగున వ్రాసి తగిలింపబడవలయును. అక్షరములు నేర్పు చోటనే బిడ్డల ప్రాణములు కాపాడు నాలుగు మాటలు పెద్దలకు తెలియకుండుట మనకు తగదు.