సెంటున్నరలో సంసారమా?

2020 డిసెంబరులో పేదలకు జాగా కొలిచారు: పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. పల్లే పట్నమూ కలిసిన మా నరసన్నపేటకు ఏ కొలత సరిపోతుంది? సెంటున్నరంటే 72 గజాలు. కట్టుకోవడానికి సాయం 1.80 లక్షలు.

2024లో కొత్త పాలకులు పల్లెల్లో మూడు సెంట్లన్నారు. సంతోషం! ఎక్కడిస్తారు? వంశధార నీరు పారే పొలాలు పూడ్చా? ఊరికి ఆమడ దూరంలోనా? కూలికెళ్లే ఆటో చార్జీ ఎవరు పెట్టుకుంటారు? ఊరి నడుమే అంతస్తులు లేపండంటున్నాం మేం. టిడ్కో మార్కు 300 అడుగుల గూళ్లు మాత్రం వద్దు.

డబ్బుల్లేవా? అమరావతికి 2024లో ప్రపంచ బ్యాంకు ఒక్కటే 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసిందే! మా ఇంటి కొలత మేమే తేల్చుకోవడానికే ఉత్తరాంధ్ర రాష్ట్రం అడుగుతున్నాం. హైదరాబాదు మేడలు కట్టి పండక్కి ఊరొచ్చిన సిక్కోలు తాపీమేస్త్రిని అడగండి, 1.80 లక్షలకు శ్లాబు పడుతుందేమో.