న్యాయమూర్తిని ఎన్నుకుంటే న్యాయం దక్కుతుందా?

2025 జూన్ 1న మెక్సికో ప్రజలు తమ న్యాయమూర్తులను ఓటేసి ఎన్నుకున్నారు. సుప్రీంకోర్టు మొదలు కింది కోర్టుల దాకా సుమారు 2,600 పదవులకు ఆ రోజు పోలింగ్ జరిగింది. మిగిలినవాటికి 2027లో జరపాలన్నది నాటి నిర్ణయం. అన్ని స్థాయిల న్యాయమూర్తులనూ ప్రజల ఓటుకు వదిలిన తొలి దేశం అదే. ఓటేసినవారు మాత్రం నూటికి 13 మందే.

అంతకుముందు అక్కడ అధ్యక్షుడు ప్రతిపాదించిన పేర్ల నుంచి సుప్రీంకోర్టు న్యాయమూర్తిని సెనేట్ ఎంపిక చేసేది. కోర్టుల్లో బంధుప్రీతి, అవినీతి పెరిగాయన్న కోపం జనంలో ఉంది. తన సంస్కరణలకు కోర్టు అడ్డుపడుతోందన్న అసహనం నాటి అధ్యక్షుడు లోపెజ్ ఒబ్రడోర్‌కు ఉంది. ఆ రెండింటి ఫలితమే 2024 సెప్టెంబరు నాటి రాజ్యాంగ సవరణ.

జనం కోపం సబబే. ఎంచుకున్న మార్గమే సరికాదు. సుప్రీంకోర్టులో 9 స్థానాలకు 64 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్‌పై పార్టీ గుర్తులు లేవు. నచ్చిన అభ్యర్థుల నంబర్లను ఓటరే గడుల్లో రాయాలి. అలాంటి బ్యాలెట్లు ఒక్కొక్కరి చేతిలో కనీసం ఆరు. అంతమంది న్యాయ పరిజ్ఞానాన్ని సామాన్య ఓటరు తూచేదెలా? అందుకే చీటీలు రంగంలోకి దిగాయి. ఏ గడిలో ఏ నంబరు రాయాలో అచ్చేసిన కాగితాలు పోలింగుకు ముందే చేతులు మారాయి. గెలిచిన తొమ్మిదిమంది పేర్లూ అలా తిరిగిన చీటీల్లో ఉన్నవే. ప్రజలకు దక్కాల్సిన అధికారం చీటీలు పంచినవారి పాలైంది.

మిష్టెక్ ఆదివాసీ న్యాయవాది హ్యూగో అగిలార్ మెక్సికో సుప్రీంకోర్టుకు అధ్యక్షుడు కావడం సంతోషించదగ్గదే. అయితే పాత నియామక పద్ధతే అలాంటివారికి ఎప్పుడో తలుపు తెరిచి ఉండాల్సింది.

జడ్జీల ఎన్నికల్లో డబ్బు పాత్రను అమెరికా చూపింది. అక్కడ ఫెడరల్ జడ్జీలను నియమిస్తారు గానీ, చాలా రాష్ట్రాల్లో జడ్జీలకు ఎన్నికలుంటాయి. 2004లో వెస్ట్ వర్జీనియాలో ఓ బొగ్గు కంపెనీ అధినేత ఒక అభ్యర్థి గెలుపు కోసం సుమారు 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టాడు. గెలిచిన ఆ జడ్జి అదే కంపెనీ కేసు విచారణలో కూర్చుని, దానికి అనుకూలంగా ఓటేశాడు. ఆయన తప్పుకొని ఉండాల్సిందని దేశ సుప్రీంకోర్టు 2009లో తేల్చింది.

ఎమ్మెల్యే తనకు ఓటేసినవారి మాట వినాలి. న్యాయమూర్తి ముందు నిలిచే కక్షిదారు ఒంటరి కావచ్చు, ఊరంతా ద్వేషించే మనిషీ కావచ్చు. మళ్లీ గెలవాల్సిన జడ్జి అతనికి ధైర్యంగా న్యాయం చేయలేడు.

అలాగని న్యాయమూర్తులే న్యాయమూర్తులను ఎంపిక చేసే మన కొలీజియం తలుపులు మూసుకుని కూర్చోవడమూ తగదు. కొలీజియం బదులు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసినప్పుడు, విభేదించిన ఏకైక న్యాయమూర్తి కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్. ఎంపికలో పారదర్శకత లేదన్న ఆయన మాటకు నేటికీ పూర్తి జవాబు రాలేదు. ఎవరిని ఏ ప్రమాణాలతో ఎంచారో, ఎవరిని ఎందుకు వద్దన్నారో కారణాలతో ప్రకటించాలి. సిఫారసులపై ప్రభుత్వం గడువులోగా తేల్చాలి. న్యాయమూర్తులను ఎన్నుకునే హక్కు కన్నా, వారి ఎంపికను ప్రశ్నించే హక్కే పౌరుడికి ఎక్కువ రక్షణ.