బీ1 దగ్గరే అసలు పరీక్ష

1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానానికి పరాయి భాష కొత్త కాదు. కానీ యానాం అగ్రహారంలో నర్సింగ్ చదివే అమ్మాయి జర్మనీ వెళ్లాలనుకుంటే ఫ్రెంచి అక్కరకు రాదు. నర్సుగా గుర్తింపు ఇవ్వడానికి అక్కడ సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు. మొదటి మెట్టయిన ఏ1ని బట్టీ పట్టి గట్టెక్కొచ్చు. బీ1కి వచ్చేసరికి అసలు సంగతి తేలుతుంది. లింగాన్నీ విభక్తినీ బట్టి విశేషణం చివర మారుతూ పోతుంది. గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ1 జర్మన్ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగింట్లోనూ విడివిడిగా వందకు 60 మార్కులు రావాలి. రాతలో ఎంత తెచ్చుకున్నా నోరు పెగలకపోతే లాభం లేదు. ఇది మూడు నెలల కోచింగ్‌తో అయ్యే పని కాదు. కాలేజీలు ఒక సెమిస్టర్ పరిచయంతో చేతులు దులుపుకోకుండా, కనీసం రెండేళ్లు పిల్లల చేత మాట్లాడించే తరగతులు నడపాలి.