నోటిఫికేషన్ వద్దు, పైపు చాలు

నెల రోజులుగా ఒక స్మార్ట్ బాటిల్ నా కార్ట్‌లోనే ఉంది. నీళ్లు తాగమని ఫోన్‌కి గుర్తుచేస్తుందట. ఆ పని గొంతే చేస్తుంది కదా! నాకు కావాల్సింది హ్యాండిల్ వదలకుండా తాగడం. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన 23 కి.మీ. సోలార్ ట్రాక్ మీద ఒంటిచేత్తో తొక్కినా పర్లేదు. అక్కడికి వెళ్లే సర్వీస్ రోడ్డులోనే బాటిల్ తీస్తూ గుంతలో పడ్డా.

అందుకే సొంతంగా చేసుకున్నా. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న లీటర్ బాటిల్, మీటరు ఫుడ్ గ్రేడ్ సిలికాన్ పైపు. అక్వేరియం పైపు చవకే, కానీ అది చేపలకి! వేడి మేకుతో మూతకి పైపు బిగుతుగా పట్టేంత రంధ్రం, పక్కనే గాలికి సూదంత ఇంకోటి. మొదటిసారి ఆ రెండోది మర్చిపోయా, రెండు గుక్కలకే బాటిల్ నొక్కుకుపోయింది. బాటిల్ బ్యాగ్ పక్క జేబులో, పైపు భుజం పట్టీకి క్లిప్‌తో. పైపు కొస కిందికి వేలాడిందో, సైఫన్ మొదలై ప్యాంటు తడుస్తుంది.

ఓఆర్ఎస్ మాత్రం ఇందులో వద్దు, పైపు లోపల బూజు కడగడం నరకం. చల్లదనానికి బాటిల్‌కి తడి సాక్స్ తొడుగుతున్నా, కుండ లాజిక్కే. చూడ్డానికి ఛండాలంగా ఉందని ఫ్రెండ్స్ గోల.