రైతు చేతిలో లైటు, లేబుల్ మీద అబద్ధం

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. అర్ధరాత్రి కరెంటు కోసం బావికాడ కాపలా పడుకునే బాధ తగ్గింది. అయినా రాత్రిపూట రైతు పొలానికి పోవడం ఆగలేదు. మక్క చేనును, చెరుకు తోటను అడవి పందుల నుంచి కాపాడుకోవాలి. ఆగిపోయిన మోటారును చూసుకోవాలి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినాక చేను చూసుకునేవారికి మిగిలేది రాత్రి వేళే. కట్లపాము తిరిగేది కూడా ఆ వేళే. గట్టు మీద లైటు ఆరిపోవడం చిన్న విషయం కాదు.

కాబట్టి టార్చి కొనేటప్పుడు వెలుగు కన్నా ముందు సెల్లు చూడాలి. ఇప్పుడు వచ్చే ఎల్‌ఈడీ టార్చిల్లో ఎక్కువగా వాడేది 18650 లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కనుక ఆ పేరు. మంచి కంపెనీల సెల్లు అయినా సాధారణంగా 2,000 నుంచి 3,500 ఎంఏహెచ్ వరకే ఉంటుంది. అదే సైజు సెల్లు మీద 9,900 అని అచ్చు వేసి అమ్ముతున్నారంటే అది పచ్చి మోసం. ఇంతకన్నా కొంచెం లావైన 21700 సెల్లులోనే 4,000 నుంచి 5,000 దాకా పడుతుంది.

లెక్క సులువే. 3.7 వోల్టుల, 3,000 ఎంఏహెచ్ సెల్లులో 11 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. 3 వాట్ల వెలుగుకు మూడున్నర గంటలకు పైగా, 1 వాట్ వెలుగుకు పదకొండు గంటలు వస్తుంది. అందులోనూ కొంత వృథా పోతుంది. నడకకు తక్కువ వెలుగు చాలు. దూరం చూడవలసినప్పుడే పెద్ద వెలుగు వేయాలి.

చౌక చార్జింగ్ లైట్లలో చాలావాటిలో 4 వోల్టుల సీసం బ్యాటరీ ఉంటుంది. ఖాళీ అయినాక చార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే లోపలి ప్లేట్లు గట్టిపడి మళ్లీ చార్జింగ్ ఎక్కదు. బ్యాటరీ మార్చే వీలు లేకపోతే లైటు మొత్తం చెత్తలోకే. పెద్ద సెల్లు, పెన్సిల్ సెల్లు వేసే టార్చికి ఒక మేలుంది: ఊరి కిరాణంలో సెల్లు దొరుకుతుంది, కరెంటు లేకపోయినా పని ఆగదు. అయితే వాడని రోజుల్లో సెల్లు తీసి పెట్టాలి, లేకుంటే కారి టార్చిని తినేస్తుంది.

ఇక పాత బ్యాటరీల సంగతి. ఫ్యాక్టరీల కాలుష్యం నక్కవాగును ఏం చేసిందో, ఈ ప్రాంత రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా ఎందుకు పోయిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అట్లాంటి మనమే సీసం బ్యాటరీని కాలువలో పారేయకూడదు. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత ఉత్పత్తిదారులదేనని 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. ఆ బాధ్యత ఊరి దాకా రావాలి.

మన డిమాండ్లు మూడు. సహకార సంఘాల్లో, రైతు సేవా కేంద్రాల్లో సెల్లు మార్చుకునే వీలున్న టార్చిలు బిల్లుతో అమ్మాలి. తప్పుడు ఎంఏహెచ్ అంకెలతో అమ్మేవారిపై తూనికలు కొలతల శాఖ, బీఐఎస్ దాడులు చేయాలి. ప్రతి గ్రామ పంచాయతీలో పాత బ్యాటరీల సేకరణ డబ్బా పెట్టాలి.

అప్పటిదాకా రైతు సోదరులు, అక్కచెల్లెళ్లు లిథియం సెల్లు మీద ఐఎస్ 16046 గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు చూసి, బిల్లు తీసుకునే కొనాలి. ఎరువు బస్తా మీద ముద్ర చూసి కొనే మనం, ప్రాణానికి తోడుండే లైటు విషయంలో ఎందుకు చూడకూడదు?