ఫోటోలోంచి తీసేసిన లారీ



మన ఊళ్లలో క్రాపు అంటే మంగలి షాపులో చేయించుకునేది. ఫోటోకి కూడా క్రాపు ఉంటుందని నా భాంజాకి నేనే నేర్పాను. ఆ కత్తెరతోనే నేనొక తప్పు చేశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

పోయిన రంజాన్‌లో ఒకరోజు ఫజర్ నమాజ్ చదువుకుని వస్తుంటే మసీదు మెట్ల దగ్గర భాంజా ఆపాడు. "మామూ, కెమెరా తీసుకుని హైవే దగ్గరికి రా. మనోళ్లు బండ్లు తీస్తున్నారు" అన్నాడు. వద్దని చెప్పాల్సిన వయసు నాది. కానీ రేసుల ఫోటోలంటే నాకూ షౌక్. వెళ్లాను. సర్వీసు రోడ్డు పక్కన, పత్తి కట్టె పీకేసిన చేను గట్టు మీద నిలబడ్డాను. మంచు ఇంకా విడలేదు. ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆరు బండ్లు వచ్చాయి. ముందున్నది మా భాంజా.

ఫోటో కుదిరింది. ఇంట్లో కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఎడమ మూలన ఒక లారీ ఉంది. డొంకలోంచి మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి పోయే లారీ, ముక్కు రోడ్డు మీదికి పెట్టింది. వాడి హెల్మెట్ మోచేతికి వేలాడుతోంది. కంపోజిషన్‌కి రెండూ అడ్డమే అనిపించింది. లారీని కోసేశాను. మోచెయ్యి కింద కూడా కోసేశాను. మిగిలింది ఒక మొహం, ఒక హ్యాండిల్, వెనకాల బంగారు రంగు మంచు. మాషా అల్లాహ్, సినిమా పోస్టర్ లాగా ఉంది.

సాయంత్రానికల్లా మొహల్లాలో అందరి స్టేటస్ అదే.

రేసు ఫోటోకి క్రాప్ అవసరమే. అది ఐబ్ కాదు. బండి కళ్ల ముందుండేది రెప్పపాటు కాలం. కెమెరాని దానితోపాటు తిప్పుతూ, షట్టర్‌ని సెకనులో 125వ వంతు దగ్గర పెట్టి తీస్తే బండి స్పష్టంగా, వెనకాలదంతా గీతలుగా వస్తుంది. ఆ తిప్పుడులో ఫ్రేమ్ సరిగ్గా కుదరాలంటే కష్టం. అందుకే చుట్టూ జాగా వదిలి తీసి, తర్వాత కోసుకుంటాం. 24 మెగాపిక్సెల్ ఫోటోని నిలువునా అడ్డంగా సగానికి కోసినా 6 మెగాపిక్సెల్ మిగులుతుంది. ఇంట్లో గోడకి పెట్టుకునే చిన్న ప్రింటుకి అది చాలు.

కోయడంలో నేను నేర్చుకున్నవి కొన్నే. బండి ముందు జాగా ఎక్కువుండాలి, వెనక తక్కువ. లేకపోతే బండి గోడకి గుద్దుకోబోతున్నట్టుంటుంది. మలుపులో వాలిన బండిని నిటారుగా తిప్పొద్దు. ఆ వాలులోనే హునర్ ఉంది. చక్రాన్ని అంచున కొంచెం గీకినట్టు కోయొద్దు. రెండు బండ్లు పోటీ పడుతుంటే ఒకదాన్నే ఉంచొద్దు. వాటి మధ్య ఉన్న జానెడు సందే రేసు. అది పోతే మిగిలేది బండి మీద కూర్చున్న మనిషి ఫోటో, అంతే.

ఈ చివరి మాట నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మన ఎడ్ల బండలాగుడు పోటీల్లో తెలిసింది. సంక్రాంతి రోజుల్లో ఫోటోలు తీసుకునేవాణ్ణి. ఒంగోలు ఎడ్ల మూపురాలు, కొమ్ములు బాగా పడ్డాయని దగ్గరికి కోసి ఒక రైతుకి చూపించాను. ఆయన చూసి "బండ ఏదయ్యా?" అన్నాడు. నిజమే. బండ లేకపోతే అవి ఊరికే నడిచే ఎడ్లు. వాటి మెహనత్ అంతా వెనకనున్న ఆ రాయిలో ఉంది.

మన కుర్రాళ్ల బండ్ల మీద, ఆటోల వెనక చేగువేరా బొమ్మ ఉంటుంది కదా. 1960లో హవానాలో అల్బెర్టో కోర్డా తీసిన ఫోటో అది. అసలు ఫోటోలో ఒక పక్క ఇంకో మనిషి, ఇంకో పక్క ఈత మట్టలాంటి ఆకులు ఉన్నాయి. వాటిని కోసేశాకే అది ప్రపంచమంతా తిరిగింది. ఆ క్రాప్ ఎవరి ప్రాణం మీదికీ తేలేదు. ఒక మొహాన్ని ముందుకు తెచ్చింది. నాది అలాంటిది కాదు. నేను తీసేసింది ప్రమాదాన్ని. అంటే గవాహీని దాచాను. తస్వీర్ జాయజా కాదా అన్న బహస్ ఉలమాకి వదిలేస్తాను. గవాహీ దాచడం గునాహ్ అనడంలో మాత్రం బహస్ లేదు.

ఇది నాకు అర్థమైంది మూడో రోజు. ఇఫ్తార్ వేళకి గంజి గిన్నె తెచ్చిన ఆపా కంప్యూటర్‌లో అసలు ఫోటో చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. "ఫోటోలో లారీని నువ్వు తీసేశావు భాయ్. రోడ్డు మీద ఎవరు తీస్తారు?" అంది. ఆ రాత్రి తరావీహ్ అయ్యాక పదో తరగతి పిల్లాడొకడు గల్లీలో నన్ను ఆపాడు. "చచ్చా, నాక్కూడా అలాంటిది ఒకటి తీస్తారా?" అని. వాడు చూసింది నేను కోసి ఇచ్చిన ఫోటో. లారీ సంగతి వాడికి తెలియదు.

రేసు షౌక్ తప్పని నేను అనను. దానికో జాగా ఉంది. మన పక్కనుంచి పోయే ఈ హైవేనే చెన్నైకి దగ్గరపడ్డాక షోలవరం మీదుగా పోతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద అక్కడ ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. తర్వాత మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ కట్టారు. చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. అక్కడ ఎదురొచ్చే లారీ లేదు, డొంక లేదు. తోలు సూటు, హెల్మెట్, జెండా పట్టుకున్న మనుషులు, అంబులెన్స్ ఉంటాయి. అయినా 2023 ఆగస్టులో అదే ట్రాక్ మీద బెంగళూరు పిల్లాడొకడు రేసులో పడి చనిపోయాడు. వాడికి 13 ఏళ్లు. అంత బందోబస్తు ఉన్నచోటే అలా జరిగితే, మోచేతికి వేలాడే హెల్మెట్ సంగతి మీరే ఆలోచించండి.

రోడ్డు మీద రేసుకి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. మైనర్ బండి నడిపి నేరం చేస్తే 199ఏ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జుర్మానా. బండి కొనిచ్చిన అబ్బాలు ఇది తెలుసుకోవాలి. కానీ నేను కేసుల భయంతో ఇది రాయడం లేదు.

ఆ క్రాప్ ఫోటోని నా ఫోన్‌లోంచి తీసేశాను. ఊళ్లో ఫోన్లన్నిటిలోంచి తీయడం నా చేతిలో లేదు. అందుకే అసలు ఫోటోని, లారీతో సహా, పెద్దది ప్రింట్ తీయించి భాంజా చేతికి ఇచ్చాను. చాలాసేపు చూశాడు. "ఇది ఇంత దగ్గరగా ఉందా మామూ?" అన్నాడు. ఈసారి రేసులున్నప్పుడు ఇద్దరం చీరాలలో రైలెక్కి చెన్నై పోదామని మాటిచ్చాను. ఇక రోడ్డు మీద మాత్రం కెమెరా ఎత్తను.

అమ్మీలకి, అబ్బాలకి, ఆపాలకి నాదొక గుజారిష్. పిల్లాడు బండి మీద ఉన్న ఫోటో చూపించి "ఎలా ఉంది?" అని అడిగితే వెంటనే షాబాష్ అనకండి. "కోయని ఫోటో ఉందా? అది చూపించు బేటా" అనండి.